నీళ్లు పడని మెట్టు

దేవరకొండ మిషన్ బడిల
పియానో మూత లేపితే
బల్లి ఒక దిక్కు ఉరికింది, మేమొక దిక్కు.

మార్తమ్మ టీచర్ ఎడమచెయ్యి ఆనియ్యంగనే
"బోరుబండి!" అన్నడు మల్సూరు.
కుడిచేతికి పేరు దొరకలే ఎవలకూ.

"మూడువందల ఏండ్ల కింద
జర్మనీల ఒకాయన తన పిల్లలకు నేర్పిన బాణీ.
వాళ్లయీ మీ లెక్కనే చిన్న వేళ్లు" అన్నది.

నడుమ ఒక మెట్టు మీద
ఉత్త కట్టె టక్కుమన్నది.
"టీచర్, ఈడ నీళ్లు పడలే."
ఆమె నవ్వలే. మళ్ల మొదలువెట్టింది.
ఆ మెట్టు వచ్చినప్పుడల్లా
నోటితోని మేమే అందుకున్నం.

ఇంటిబెల్లు కొట్టినంక
సైదమ్మ ఒక్కతే
చచ్చిన మెట్టు ఒత్తుకుంట, చెవి కట్టెకానిచ్చి
ఎన్ని ఫీట్లకు తడి తగుల్తదో
వింటున్నది.