మూసిన కొట్టు ముందు

గంటకి ఎనిమిది పౌండ్లు.
పని, నిలబడటం.

గ్లాస్గోలో, ట్రాన్‌గేట్ వీధిలో
ఎప్పుడో మూతబడ్డ చెప్పుల కొట్టు.
షట్టరుకి తుప్పు, గడప నిండా పావురాల రెట్ట.
దాని ముందు మేం నలుగురు విద్యార్థులం
ఒకరి వెనక ఒకరం.
"ఎందుకని ఎవరైనా అడిగితే తెలియదనండి,
అబద్ధం మాత్రం ఆడొద్దు"
అన్నాడు ప్రొఫెసర్ ఫిన్లే గార్వక్.
ఎదురుగా కాఫీ హోటల్లో కిటికీ పక్కన చేరి
మనుషుల్ని గీతలు చేసుకుంటున్నాడు.
నాలుగు నిలువు, మీద ఒక అడ్డం.

పది నిమిషాలకి ఒకాయన ఆగాడు.
వాచీ చూసుకున్నాడు, మమ్మల్ని చూశాడు,
తలుపు వైపు మాత్రం చూడలేదు.
నా వెనక చేరాడు.
ఆయన వెనక తోపుడుబండిలో పాపతో ఒకామె,
ఆమె వెనక చిప్స్ తింటూ ఇద్దరు బడిపిల్లలు,
తర్వాత నేను తిరిగి చూడటం మానేశాను.
మధ్యాహ్నానికి వరుస మూల తిరిగింది.
ఎవడో మధ్యలో దూరబోతే
"వెనక్కెళ్ళవయ్యా, పొద్దుట్నించీ ఉన్నాం ఇక్కడ" అని
అరగంట కిందట వచ్చిన మనిషి కసిరింది.

ముప్పై ఏడో గీత పేరు ఇష్‌బెల్.
ఆకుపచ్చ ఉన్ని టోపీ,
సంచీలోంచి తోక బయటపెట్టిన చేప.
నాకు కాళ్ళు పీకి, వరుస వెంట నడుస్తూ
ఆమె దగ్గర ఆగాను.
"దేనికోసమండీ?" అన్నాను.
"నువ్వు దేనికోసం?"
"తెలియదు."
"నాకు తెలుసు" అంది.
"పదకొండేళ్ళు ఈ కొట్లో జనం కాళ్ళు కొలిచాను.
ఇది తెరవరు, లోపల పైకప్పే లేదు.
నేనున్నన్నాళ్ళూ దీని ముందు
ఇంతమంది ఎప్పుడూ నిలబడలేదమ్మా.
కాసేపు నేనూ ఉందామని."

సాయంత్రం ఆ మాట ప్రొఫెసర్‌కి చెప్పాను.
పెన్ను తీశాడు, రాశాడు,
చాలాసేపు చూశాడు,
కొట్టేశాడు.
"బాగుంది. కానీ ఇది ఒక్క మనిషి."

పుస్తకం పసుపు అట్టతో వచ్చింది.
వేలంవెర్రికి వ్యాకరణం రాశాడన్నారు.
పళ్ళపొడి కంపెనీలు పిలిచాయి,
ఎన్నికల వాళ్ళు పిలిచారు,
విమానాశ్రయాల్లో బిస్కెట్ల పక్కన పేర్చారు.
నేనూ కొన్నాను.
రైల్లో ఎదుటివాడి చేతిలో చూసి కొన్నాను,
ఇంకేం చెప్పను.
నూట పన్నెండో పేజీలో ఉంది ఇష్‌బెల్:
"ముప్పై ఏడో వ్యక్తి కూడా
ఏమీ అడగకుండానే చేరింది."
నిజమే. ఆమె అడగలేదు.
అడిగింది నేను.

మొన్న నవంబరులో, పెయిస్లీలో వాన.
గ్రంథాలయం తలుపు మీద ఆయన ఫోటో,
ఆరున్నరకి ప్రసంగం అని.
ఆరూ నలభై. తాళాలవాడు రాలేదు.
తలుపు ముందు ఒక్కడే మనిషి,
కోటు కాలరు పైకి లాక్కుని,
చంకలో తడుస్తున్న పసుపు అట్టలు.
మనిషి సన్నబడ్డాడు. జుట్టు పలచబడింది.
నేను కూరలు కొనుక్కుని ఇంటికి పోతున్నదాన్ని,
నా బస్సు ఆరూ నలభై అయిదుకి.

వెళ్ళి ఆయన వెనక నిలబడ్డాను.

తిరిగి చూశాడు, నన్ను పోల్చుకోలేదు.
"ప్రసంగానికా?" అన్నాడు.
"తెలియదు" అన్నాను.
చెప్పిన ప్రకారమే, అబద్ధం ఆడలేదు.
ఆయన ఏదో అనబోయి,
గొడుగు లేని నా తల మీదికి
పుస్తకమొకటి పట్టాడు.

అవతలి గట్టున ఎవరో నడక తగ్గించారు.
మా ఇద్దర్నీ చూశారు,
తలుపు వైపు చూడలేదు.
ఆయన చెయ్యి జేబులోకి పోయింది, పెన్ను కోసం.
నేను ఊపిరి బిగబట్టాను.

బస్సొచ్చింది.
వాళ్ళు ఎక్కి వెళ్ళిపోయారు.
పెన్ను ఇంకా ఆయన చేతిలోనే ఉంది,
మూత తియ్యలేదు.