రెండంగుళాల మడత

శుక్రవారం సంతలో దొరికింది కుట్టుమిషన్.
అమ్మినాయనకు మన మాట రాదు, నాకు ఆయనది రాదు.
ఆయన చూపించిన తొమ్మిది వేళ్ళలో
రెంటిని నేనే మడిచి ఏడు దినార్లు చేసినా.
లిఫ్టు చెడిపోయిన రోజే కొనాల్నా అని
మా ఆయన నాలుగంతస్తులూ గొణుక్కుంటూ మోసినాడు.
పైకొచ్చినాక చూస్తే బెల్టు లేదు.
మూడు వారాలు చేత్తో చక్రం తిప్పి కుట్టినా.

ఫర్వానియాలో మాది ఒక గది, సగం వంటిల్లు.
తక్కిన సగం లిజమ్మది.
ఆమె కొబ్బరినూనె, నా శెనగనూనె
ఒకే అరలో, ఒకదాన్నొకటి ముట్టుకోకుండా నిలబడతాయి.
పొద్దున ఐదున్నరకు పొయ్యి నా వంతు,
ఆరుంబావుకు ఆమెది.
ఆ ముప్పావు గంటలోనే
ఉగ్గాని కావాల, డబ్బా కట్టాల, ఇందుజకు జడెయ్యాల,
నందీశు గంటెతో నేలను కొట్టేది ఆపాల,
లిజమ్మ బిడ్డ నైటుడ్యూటీ చేసొచ్చి పడుకోనుంటాది.

రాగిపిండి అయిపోయి ఇరవై దినాలైంది.
వేంపల్లె నుంచి వచ్చేవాళ్ళెవరన్నా ఉండారా అని
అడుగుతానే ఉండా.
అందాక కుబ్బూస్ తుంచి, పప్పులో నానేసి,
ముద్ద చేసి, నడిమధ్య గుంట చేసి, నెయ్యి పోసి
"ఇదే సంగటి" అంటా.
వాడు నమ్ముతాడు. వాడికి రెండేండ్లు.
ఇందుజ నమ్మదు, తింటాది.
గుంట మాత్రం తానే చేసుకుంటానంటాది.

రాత్రి పిల్లోళ్ళు పడుకున్నాక
మిషన్ కింద పాత దుప్పటి నాలుగు మడతలేసి పరుస్తా.
అయినా కింద ఇంటి ఈజిప్టు ఆమె తలుపు కొట్టిందొకసారి.
చప్పుడుకు తిట్టనీకి వచ్చిందనుకున్నా.
చేతిలో నల్ల అబాయా, అంచు ఊడిపోయి.
ఇప్పుడు ఆమె చుట్టాలవీ కలిపి నెలకు నాలుగైదు,
ఒక్కోదానికి అర దినార్.
నల్లగుడ్డ మీద నల్లదారం,
కుట్టిన చోటు నాకే కనపడదు,
వేలితో తడిమి వెతుక్కుంటా.

ఇందుజ స్కూలు గౌను రెండేండ్ల కిందట కుట్టింది.
కొలిచి సరీగ్గా కుట్టేది దిండు గలీబుకు, బిడ్డకు కాదు
అనేది మా జేజి.
అందుకే అంచు లోపల రెండంగుళాలు దాచినా.
బుధవారం డైరీలో టీచరు రాసి పంపింది,
గౌను మోకాలు దాటి పైకొచ్చిందని.

ఆ పొద్దు దుమ్ముగాలి.
ఆకాశం మజ్జిగపులుసు రంగులో ఉంది.
కిటికీ సందుల్లో తడిగుడ్డలు కుక్కి
మధ్యాన్నమే లైటేసుకున్నా.
జహ్రా దారిలో వ్యాను ఆపేసినానని
మా ఆయన ఫోను, ఆ తర్వాత లేదు.

ఊరికే కూర్చోలేక
బ్లేడు పట్టుకుని గౌను మడత విప్పినా.
ఒక్కో కుట్టే తెగుతుంటే
లోపల చిటికెడు ఇసుక, ఒక పెన్సిలు ముక్కు,
ఇంకా, చుట్టూతా రెండంగుళాల నీలం.
ఎండ చూడనిది, సబ్బు చూడనిది.
పై గౌనంతా ఆ కిటికీ ఊచకే ఆరి ఆరి
బూడిదకు తిరిగిపోయింది. నేను గమనించనే లేదు.

ఇందుజ దాని మీద వేలు పెట్టింది.
"ఇది కొత్తగుడ్డనా మా?"
కాదే, అదీ దాంతోటిదే. లోపలుండె.
"దాక్కోనుండెనా?"
ఆ.
"నన్ను నవ్వుతారు స్కూల్లో."
నవ్వనీలే అందామనుకున్నా,
మళ్ళా అబాయా ముక్కల్లోంచి సన్నటి పట్టీ కోసి
ఆ గీత మీద నడిపించినా, గుండ్రంగా.
అది బాగుందంది. నాకు నీలమే బాగుండె.
ఇంక విప్పనీకి మడత లేదు.

తొమ్మిదిన్నరకు తలుపు.
కనుబొమ్మల మీద, చెవుల్లో, జేబులో కూడా దుమ్ము.
ఆయనెవరో తెలీక నందీశు నా వెనక్కు జరిగినాడు.
లిజమ్మ తన వంతు పొయ్యి అడగలేదు, పప్పు తానే వెచ్చబెట్టింది.
ఇందుజ ముద్ద కలిపి, బొటనవేలితో గుంట చేసి,
నెయ్యి కొంచెం ఎక్కువే పోసి
వాళ్ళ నాయన ముందర పెట్టింది.
"సంగటి నాయనా."
ఆయన నా పక్క చూసినాడు.
నేను సూదికి దారం ఎక్కిస్తా ఉండా.
"అవునే, సంగటే" అన్నాడు,
ఇంకో ముద్ద అడిగినాడు.