పదహారూ ఒకటీ

మొత్తం పదహారు.
బియ్యం డబ్బాల వెనక, గోడగూట్లో,
పాత బనియన్ గుడ్డలో చుట్టి పెట్టినా.
సుంకమ్మకు తెలుసు. తెలీనట్టే
నెలకోసారి ఆ గుడ్డ ఉతికి ఆరేస్తాది.

ఎర్ర వాక్‌మన్ ఒకటి, మూత ఊడింది,
తాడిపత్రి సంతలో ముప్పై రూపాయలు.
నీలంది గుంతకల్లు ప్లాట్‌ఫారం మీద
చార్జర్లు అమ్మేటోడు చిల్లర లేక అంటగట్టింది.
వెండి రంగుది రొంత వంగింది.
దాన్ని బస్సు తొక్కిందంటే నమ్మితే నమ్మండి,
ఇప్పటికీ తిరుగుతాది.
అరచెయ్యంత రేడియో ఒకటి, తోలు చొక్కా తొడుక్కున్నది.
తోలు మీద ఎవరో గోటితో గీకినారు:
“దస్తగిరి, రెండో షిఫ్టు.”
ఆ మనిషిని నేనెప్పుడూ చూల్లేదు గానీ
ఆ షిఫ్టు ఏందో నాకు తెలుసు.

బండల పాలిష్ ఫ్యాక్టరీలో ఇరవైరెండేండ్లు.
నల్లబండలో మొగం కనపడేదాకా రుద్దేది నా పని.
మిషను బండను రుద్దింది.
రుద్దుతా రుద్దుతా నా చెవుల్ని గూడా
నున్నగా చేసేసింది.
ఇప్పుడు ఏ మాటా వాటి మీద నిలబడదు,
జారిపోతాది.

అనంతపురం పెద్దాసుపత్రిలో
డాక్టరమ్మ కాయితం మీద గీత గీసింది.
గీత కొండ దిగినట్టు దిగింది.
ఆమె పెదాలు కదిలించింది. నేను తల ఊపినా.
బయటికొచ్చి సుంకమ్మను అడిగినా, ఏమనె అని.
“అరిచి మాట్లాడాలంట” అని అరిచింది.
వరండాలో కూర్చున్నోళ్లంతా తిరిగి చూసిరి.

చెవిటోనికి పాటల పెట్టెలు ఏంటికప్పా అని
మద్దిలేటి చేతుల్తో అడుగుతాడు.
ఏమని చెప్పేది.
సెల్లులు ఎండలో పెట్టి, వాటికి రొంత పానం వచ్చినాక,
బొత్తం నొక్కి, మూత మీద బొటనేలు ఆనిస్తే
లోపల చక్రం తిరిగేది తెలుస్తాది.
ఒక్కోదానికి ఒక్కో నడక.
ఎర్రది కుంటుతాది.
వెండిది నిండు బిందె నెత్తినెత్తుకున్న మనిషి.
రబ్బరు సాగిన నీలంది నడుస్తా నడుస్తా
ఇంట్లో ఏదో మర్చిపోయినట్టు ఆగి,
మల్లా కదుల్తాది.
ఇరవైరెండేండ్లు వణుకును చేతుల్తో విన్నోణ్ణి,
ఈ మాత్రం తెలీదా నాకు.

పదహారోది రాయచోటిలో, పాతసామాన్ల అంగట్లో దొరికింది.
వెనకాల అరబ్బీ అక్షరాల స్టిక్కరు, సగం గీకేసింది.
మూత రాలేదు. లోపల ఇరుక్కున్న క్యాసెట్టు.
ఏం పాటో చెప్పమని
మద్దిలేటి కూతురు శివగంగకు తగిలించినా.
నేను విన్నది ఆ పిల్ల మొగమే.
మొదట నవ్వింది. తర్వాత నవ్వేది మర్చిపోయింది.
నోటుబుక్కు వెనక పేజీలో రాసింది:

“పాట కాదు పెద్దనాయనా.
ఒకామె కువైట్ నుంచి మాట్లాడతాంది.
పాత రేకులు తీసి కొత్తవి వేయించమంటాంది.
బర్రె ఈనిందా అంటాంది.
ఎవరో బుజ్జోడంట, చెప్పుల్లేకుండా తిరగొద్దంటాంది.
ఈడ వంటింటికి కిటికీ లేదు, అదొక్కటే, అంటాంది.”

తర్వాత? అన్నా.

“తర్వాత శానాసేపు ఏం లేదు.
ఊపిరి.”

రాయచోటికి రెండుసార్లు పోయినా.
అంగడాయన భుజాలెగరేసె.
గోనెసంచిలో, కిలోల లెక్కన వచ్చిన సరుకంట.
పేరు లేదు, ఊరు లేదు.

శుక్రవారం ఫ్యాక్టరీకి కరెంటు సెలవు.
ఆ పొద్దు పదహారోదానికి సెల్లులేసి బొటనేలు ఆనిస్తా.
రేకులు, బర్రె, చెప్పులు, కిటికీ
ఏలి కింద దాటిపోతాయి. ఏది ఏదో తెలీదు.
ఊపిరి కాడికొస్తే మాత్రం తెలుస్తాదని
సుంకమ్మతో అన్నా. ఆమె నమ్మలేదు.
నేనూ పూర్తిగా నమ్మలేదు.

మొన్న క్యాంపులో చెవి మిషను ఇచ్చిరి, ఉచితంగా.
పెట్టుకుంటే బండల మీద చెంచాలు పడ్డట్టుంది, మాట కాదు.
తుడిచి, దాన్ని గూడా బనియన్ గుడ్డలో చేర్చినా.

నిన్న గుడ్డ విప్పితే పదహారే ఉన్నాయి.
వంటింట్లోకి పోయి చూస్తే
సుంకమ్మ చెవిలో ఉంది పదిహేడోది.
పొయ్యి కాడ కండ్లు మూసుకుని కూచోనుంది.
ఏం వినపడతాదే? అన్నా.
పెదాలు కదిలించింది.
తల ఊపినా.