పేరుపేరునా

చిలోయె దీవిలో వాన కురవదు,
కాపురముంటుంది.
ఎవరైనా తలుపు తీస్తే ముందది లోపలికి పోతుంది,
వెనక నేను.

తొమ్మిది నెలలు ఈ ఏటవాలు వీధిని
రంగులతోనే గుర్తుపెట్టుకున్నాను.
పసుపు ఇల్లు: వద్దంది.
నీలం ఇల్లు: కుక్కని వదిలింది.
రంగు వెలిసిన ఇల్లు: కరపత్రం తీసుకుని
నా కళ్లముందే పొయ్యి రాజేసుకుంది.
తడి కట్టెలు మరి, తప్పుపట్టలేను.

శనివారం రాత్రి మిషన్ ఆఫీసుకి లెక్క రాయాలి.
తట్టిన తలుపులెన్ని, పంచిన పత్రాలెన్ని,
ప్రార్థనకి వస్తామన్నవాళ్లెందరు.
అరవై రెండు. నలభై. సున్నా.
సున్నా గుండ్రంగా చుట్టడంలో
నా చెయ్యి బాగా తిరిగింది.

పైనుంచి జవాబొస్తుంది, అచ్చుకాగితం మీద:
"సోదరులందరికీ పేరుపేరునా ఆశీస్సులు."
ఒక్క పేరూ ఉండదు.

ఆ మంగళవారం ఊదారంగు ఇల్లు.
ముసలామె. మోచేతిదాకా మడిచిన స్వెట్టరు.
నా మొదటి వాక్యం నాకు కంఠతా:
"అమ్మా, మీకొక శుభ..."
అక్కడే ఆపి
ఉన్ని చిలప తెచ్చి నా రెండు చేతులకీ తగిలించింది.
"కదలకు. ఉండ చుట్టాలి.
పొద్దుట్నుంచీ ఓ మనిషి కోసం చూస్తున్నా."

గంటన్నర
చేతులు చాచి కూర్చున్నాను.
కిటికీలోంచి చూసినవాళ్లకి
ప్రార్థనలానే కనిపించి ఉంటుంది.
పొయ్యి మీద ఆలుగడ్డలు తుకతుకలాడుతున్నాయి.
పరిశుద్ధ గ్రంథం సంచిలోంచి
నేలమీదికి చుక్కలు చుక్కలుగా కారుతోంది.
నేనేం బోధించలేదు.
చేతులు కట్టేస్తే నాకు మాట రాదని
ఆవేళే తెలిసింది.

ఉండ నారింజకాయంత అయ్యాక అడిగింది:
"మీ అమ్మ పేరేమిటి?"

మిషన్‌లో చేరినప్పుడు
రక్తం గ్రూపు అడిగారు, బూట్ల సైజు అడిగారు,
పాపాల జాబితా కూడా అడిగారు.
ఇది అడగలేదు.
"సిన్ఫోరియానా," అన్నాను.
పరాగ్వేలో, ఎర్రదుమ్ము లేచే ఊళ్లో
తెల్లారకుండానే కర్రపెండలం పిండి పిసికే
ఆ రెండు చేతులూ గుర్తొచ్చి
ముక్కు తుడుచుకోవాలి,
చేతులకేమో ఉన్ని.
ఆమె తలెత్తలేదు. ఆ పేరుని రెండుసార్లు అనుకుంది
ఉండలో కలిపి చుట్టేస్తున్నట్టు.

గుమ్మం దిగాక వెనక్కొచ్చి అడిగాను
మొట్టమొదట అడగాల్సింది.
"ఉబెర్లిందా నాహుఎల్కిన్," అంది.
"నీకంటే ముందు ముగ్గురొచ్చారు, ఇదే సంచీ, ఇదే వార్త.
నా ఆత్మ గురించి వాళ్లకి చాలా బెంగ.
పేరు మాత్రం అడగలేదు."

బుధవారం కరపత్రాల్లేకుండా బయల్దేరాను,
మళ్లీ పసుపు ఇంటినుంచి.
పసుపు ఇంట్లో చిగ్వాయ్ ఉంటాడు.
సాల్మన్ చేపల బోనుల కింద పదకొండేళ్లు ఈత,
ఇప్పుడు కర్ర లేనిదే మంచం దిగలేడు.
"దేవుడు వద్దు. నీ చేతిరాత ఎలా ఉంటుంది?" అన్నాడు.
పుంతా అరేనాస్‌లో కూతురికి ఉత్తరం రాయాలట,
నాలుగేళ్ల మౌనం తర్వాత.
కలం తీశాను. మాట సాగలేదు.
కెటిల్ రెండుసార్లు కూసింది.
ఎలా మొదలుపెట్టను, ప్రియమైన అనా, చిన్నమ్మా అనా?
"ఎదెల్మీరా," అన్నాడు.
"ఉత్త పేరు రాయి. చాలు."
ఆ రోజుకి అంతే రాశాం.

శనివారం, సంఖ్య రాయాల్సిన గడిలో
పేర్లు రాశాను.
గడి ఇరుకు, ఉబెర్లిందా సగమే పట్టింది,
మిగతా సగం అంచు దాటి
కాగితం వెనక్కి పోయింది.

ఎర్రసిరా గీతతో తిరిగొచ్చింది ఫారం:
"దయచేసి అంకెలు మాత్రమే."
మంచి కాగితం, మందంగా ఉంది.
రంగు వెలిసిన ఇంటికి పట్టుకెళ్తాను,
అక్కడ కట్టెలింకా తడిగానే ఉన్నాయి,
నాకేమో వాళ్ల పేరింకా తెలీదు.