టోపీ

రాత్రి డ్యూటీకి వెళ్తూ సుహాసిని
ఫ్రిజ్ తలుపుకి చీటీ అంటించింది:
"పాపకి పట్టులంగా వద్దు. అడుగుతుంది. అయినా వద్దు.
బాబుకి పలచటి బనీను.
జెండా పిన్ను గుచ్చాల్సింది బట్టకి, చర్మానికి కాదు."
చివరి మాట నాకే.
పోయినేడు వాడు ఏడ్చిన ఏడుపు
ముహర్రఖ్ వంతెన దాకా వినపడింది.

ఆగస్టు పదిహేను, శుక్రవారం, మనామా.
సూర్యుడింకా రాలేదు, చెమట వచ్చేసింది.
బాల్కనీ తలుపు తీస్తే
ఇడ్లీపాత్ర మూత తీసినట్టు మొహానికి ఆవిరి.
కళ్ళద్దాలు తెల్లబోయాయి.

రెండున్నరేళ్ళ వాడికి బట్టలు వెయ్యడమంటే
బతికున్న చేపకి చొక్కా తొడగడం.
ఒక చెయ్యి దూర్చేలోగా
ఇంకో చెయ్యి బయటికొచ్చి నా ముక్కు పట్టుకుంటుంది.
నతానియేలు మెడ మీద ఆవగింజల్లా చెమటకాయలు.
కాలమైన్ రాశాను.
సున్నం కొట్టిన పిట్టగోడలా నవ్వాడు.
పిన్ను కోసం ఇల్లంతా వెతికాను. లేదు.

జెమీమా ధర్మవరం లంగాని
మంచం మీద పరిచి, పక్కనే కూర్చుంది
తీర్పు చెప్పేదానిలా.
"జెండా రంగే కదా నాన్నా?"
కాషాయం అంచు, ఆకుపచ్చ ఒళ్ళు.
తెలుపేదమ్మా అన్నాను.
"నా పళ్ళు."

నా ఉద్యోగం ఎండని కొలవడం.
సైటులో మూడుకాళ్ళ మీద ఒక నల్లగుండు, ఒక తడిగుడ్డ.
అంకె గీత దాటితే విజిల్ ఊది
మనుషుల్ని నీడకి తోలతాను.
పన్నెండు నుంచి నాలుగు దాకా
ఈ రెండు నెలలూ పని ఆపమంది చట్టం.
పదకొండున్నరకి ఎండ ఎలా ఉంటుందో
దానికి తెలియదు.
ఆరొందల మంది చెమట లెక్క రాసేవాణ్ణి,
ఒక్క లంగా దగ్గర ఇరవై నిమిషాలు ఓడిపోయాను.

బేరం కుదిరింది:
పట్టు సంచిలో వస్తుంది, ఒంటి మీదకి రాదు.
ఒంటికి వాళ్ళమ్మ వెంకటగిరి చీర చింపి కుట్టిన గౌను,
ఉతికి ఉతికి ఊపిరంత పలచనైంది.
చేతులు లేవు, జేబు ఉంది.
జేబులో ఏం పెట్టుకుందో చూడనివ్వలేదు.

స్కూలు గ్రౌండులో
మేజోళ్ళూ టైతో ఒక బుల్లి ఆఫీసరు,
శేర్వానీలో ఉడుకుతున్న ఒక బంగాళదుంప,
బుగ్గల మీద మూడు రంగులూ కలిసిపోయి
ఏ దేశమో తెలియని ఒక భరతమాత.
తల్లులు కరపత్రాలతో విసురుతున్నారు.
పెద్దలు రావాలట.
పెద్దలు ఏసీ కార్లో ఉన్నారు.

నీళ్ళు తెచ్చాను, ఓఆర్ఎస్ తెచ్చాను,
క్రీము, తడిరుమాళ్ళు, రెండో జత, మూడో జత.
టోపీ మర్చిపోయాను.

వెనక వరసలో సిత్రా క్యాంపు బస్సు దిగినవాళ్ళు,
ఇస్త్రీ మడతలు కూడా విప్పని చొక్కాల్లో.
పోశెట్టిని నేను పోల్చుకోలేదు.
ఆయనే వచ్చాడు.
"సార్, పోరి మొఖం గిట్ల ఎర్రగైతుంటే జూస్తలేరా?"
మెడలో తువ్వాలు తీసి
సీసాలో నీళ్ళు సగం దాని మీద వంచి, పిండి,
రోజూ హెల్మెట్ కింద కట్టుకునే కట్టు
నా కూతురి తలకి కట్టాడు.
మెడ కప్పేలా వెనక తోక వదిలాడు.
"ఇగ నువ్వు మా గ్యాంగు, బిడ్డా."

మూడేళ్ళుగా ఆ కట్టు చూస్తున్నాను.
నా చెక్‌లిస్టులో దానికి గడి లేదు.

జెండా ఎక్కింది కానీ ఎగరలేదు.
గాలి లేదు. తడిసిన చొక్కాలా
కొయ్యకి అంటుకుపోయింది.
అందరూ పైకి చూస్తుంటే
జెమీమా జేబులోంచి పిన్ను తీసింది.
"తమ్ముడికి గుచ్చుతావని దాచా."
పోశెట్టిని వంగమంది.
నాలుక బయటపెట్టి, ఒక కన్ను మూసి,
బట్టకే గుచ్చింది.

ఇంటికొచ్చాక, బూట్లు కూడా విప్పకుండా
సుహాసిని తువ్వాలు వాసన చూసింది,
నా వైపు చూసింది,
చీటీ కింద ఒక్క మాట రాసింది.
పాప నిద్రలో కూడా కట్టు విప్పనివ్వలేదు.
శనివారం పొద్దున్నే తిరిగివ్వాలి.
ఎలా ఇవ్వాలో తెలియడం లేదు.