పదిహేడో నంబరు

సిరిపురంలో, మూడో అంతస్తులో,
ఏసీ మూలిగే గది.
ఎలుక పాదంలోకి మందు ఎక్కించాను,
ఎర్రనాచు నుంచి తీసిన పొడి.
గంటకల్లా రేగుపండులా ఉబ్బింది.

మోకాలి కింద
వెంట్రుకంత సూది. ఇరవై నిమిషాలు.
పాదాన్ని పాదరసంలో ముంచి కొలిస్తే
వాపు కాస్త దిగింది.
రాసుకున్నాను. సంతోషించాను కూడా.

పదిహేడుకి సూది లేదు.
అది పోల్చి చూడ్డానికి.
ఉబ్బిన కాలు పైకెత్తి, మూడు కాళ్ల మీద
నన్ను కాదు,
నీళ్లసీసాని చూస్తోంది.

బోన్లు కడగడానికి
గోడ పట్టుకుని మెట్లెక్కొచ్చింది
జాలారిపేట ఎర్రయ్యమ్మ.
"నాచుకి వాపొత్తాదేటి బాబూ?
మా కాళ్లకి రోజూ సుట్టుకుంటాదే!"
కాసేపాగి, చీర కాస్త పైకి లాగి
"ఈ మోకాలికీ ఓటి గుచ్చకూడదేటి?"

నవ్వాను.
అనుమతి కాగితంలో ఎలుకలే ఉన్నాయి.
తనూ నవ్వింది.
వెళ్తూ వెళ్తూ పదిహేడో బోనులో
రెండు గుప్పెళ్ల ఊక ఎక్కువ పోసింది,
ఎవరూ చెప్పకుండానే.

మళ్లీ కొలిచాను.
వాపు అంతే ఉంది.
కాలు మాత్రం ఊక మీద ఆనించింది.

దానికి నా పట్టికలో గడి లేదు.
అంచున పెన్సిల్‌తో
ఒక చుక్క గుచ్చాను.