నాలుగు వందల పన్నెండు

జగదీశ్ మార్కెట్ల మా కౌంటర్
నాలుగడుగుల పొడుగు, రెండడుగుల లోతు.
పైన ట్యూబులైటు, కింద ఖలీల్ భాయ్ టిఫిన్ డబ్బా,
నడుమ నేను. కంటికి భూతద్దం,
చేతిల ఎవరిదో పగిలిన అద్దం.

కొత్త గ్లాసు ఎక్కించినంక
టచ్ పనిచేస్తున్నదో లేదో చూడాలె.
పక్క కౌంటరోళ్లు కాల్క్యులేటర్ తెరుస్తరు.
నేను ఆట తెరిచేటోణ్ణి.
ఆట లేని ఫోను
పదేండ్లల్ల మూడో నాలుగో చూసిన.

హైకోర్టు వకీలు బుడగలు పేలుస్తడు.
కోచింగ్ సెంటర్ లెక్కల సారు పండ్లు కోస్తడు.
పెండ్లికార్డులు అచ్చేసే ముసలాయన ఫోన్‌ల
ఒక కోడి
ఎప్పుడు చూసినా రోడ్డు దాటుతనే ఉంటది.

ఫొటోలు చూడొద్దు, మెసేజులు చూడొద్దు,
అది ఖలీల్ భాయ్ పెట్టిన కట్టడి.
ఆట గురించి ఏం చెప్పలే.
మనిషి ఎక్కడ ఆగిండో
అండ్లనే తెలుస్తది.

మార్చి నెలల అండాలమ్మ వచ్చింది.
నాంపల్లి దిక్కు సర్కారు దఫ్తర్ల లిఫ్టు నడుపుతదట.
ఫోను చెయ్యి జారి, లిఫ్టు సందుల పడి,
కింద చెత్తమూట మీద తేలి బతికిందట.
గ్లాసు మాత్రం సాలెగూడు.
"తొమ్మిది వందలు, గంటసేపు" అన్న.
"ఎనిమిది. చాయ తాగొస్త" అన్నది.

ఆమె ఫోన్‌ల రంగునీళ్ల ఆట.
పన్నెండు గాజుగొట్టాలు,
ఎరుపు మీద నీలం, నీలం మీద పసుపు.
ఒకదాంట్లకెళ్లి ఇంకోదాంట్లకు వంచాలె,
ఏ రంగు ఆ రంగుకు చేరాలె,
అంతే ఆట.
నాలుగు వందల పన్నెండో లెవెల్.

ఎడమ దిక్కు నొక్కిన, మంచిగున్నది.
కుడి దిక్కు నొక్కిన, మంచిగున్నది.
అక్కడ ఆగాలె.
వేలు ఆగలే.
ఆకుపచ్చ వంచిన, గులాబీ వంచిన,
ఆఖరి గొట్టం నిండంగనే
తెరంత చమ్కీ రాలింది.
నాలుగు వందల పదమూడు.
టచ్ మస్తుగున్నదని
నాకు నేనే శభాష్ అనుకున్న.

ఆమె వచ్చి కాల్స్ చూడలే, పైసలు తియ్యలే,
ముందు ఆట తెరిచింది.
జర సేపు ఏం మాట్లాడలే.
"ఎవరు దాటించిన్రు?"
"టెస్టింగ్ అమ్మా..."

"పందొమ్మిది దినాలాయె" అన్నది.
"లిఫ్టుల ఎక్కినోళ్లు నంబరు చెప్తరు, నేను నొక్కుత.
మీదికి, కిందికి, మల్ల మీదికి.
నా కోసం నేను నొక్కుకునేది ఇదొక్కటే.
నిన్న రాత్రి నిద్రల తోచింది,
ఎట్ల చెయ్యాల్నో.
పొద్దుగాల లిఫ్టుల నిలబడి తెరిచేటప్పుడే
ఫోను జారె."

నేను తల గోక్కున్న.
"నీలమే ముందు తీసినవా?" అని అడిగింది.

నాకు యాదికి లేదు.

అబద్ధం చెప్పినా అయిపోయేది,
అవునమ్మా, నీలమే అని.
నోరు రాలే.
ఆ ఆటకు వెనుకకు పోయే తొవ్వ లేదు,
ఇద్దరం వెతికినం.
ఎనిమిది వందలు లెక్కవెట్టి కౌంటర్ మీద ఉంచింది.
నూరు వాపసిస్తే
"గ్లాసుకు పెట్టిన పైసలవి" అని
చిన్నగ నూకింది.

ఇప్పుడు నేను గూడ కాల్క్యులేటరే తెరుస్తున్న.
ఒకటి నుంచి తొమ్మిది దాక నొక్కి, సున్న నొక్కి
తుడిచేస్త.

రాత్రి నాంపల్లిల మెట్రో ఎక్కుత.
కూసున్నోళ్లు, నిలబడ్డోళ్లు, కమ్మి పట్టుకొని ఊగేటోళ్లు,
అందరి బొటనవేళ్లు పనిలనే ఉంటయ్.
నా సంచిల వీపు పగిలిన పాత ఫోనొకటి,
ఎవరో ఇచ్చిపోయి మల్ల రాలే.
అండ్ల ఆ ఆట ఎక్కించి
ఒకటో లెవెల్ నుంచి మొదలువెట్టిన.
మూసాపేట దాక రోజు అయిదు, దినం మంచిదైతే ఆరు.
నూట అరవై కాడ వారం రోజులు ఇరుకున్న.
అప్పుడు తెలిసింది
ఇరుక్కునుడు ఎంత సొంతమో.

మొన్న శనివారం చేరిన.
ఫోను ఆపేసి కౌంటర్ సొరుగుల పెట్టిన.
"ఎవరిదిరా అది?" అన్నడు ఖలీల్ భాయ్.
"కస్టమర్‌ది."
"ఏం ఖరాబైంది?"
"ఏం ఖరాబ్ కాలే."

మూడు గొట్టాల మీద నీలం ఉన్నది.
ఏది ముందు తియ్యాల్నో
నేను చూస్తలేను.